సీజన్లో సిస్టమ్ ఆపుతానంటావేంటయ్యా?



2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ వాళ్ళు విండోస్‌కి ఒక సెక్యూరిటీ అప్‌డేట్ విడుదల చేశారు. ఎంఎస్ 17-010 అని దానికో నంబరు. మార్చి నెలలో గుంటూరు మిర్చియార్డు ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఆ ఏడు మరీను. అంతకుముందు ఏడాది ధర చూసి అందరూ మిరపే వేశారు. సరుకు పోటెత్తింది, ధర పడిపోయింది. చివరికి మే మొదటివారంలో క్వింటాలు 5,000 రూపాయల చొప్పున కొనడానికి కేంద్రం ఒప్పుకునేదాకా వెళ్ళింది వ్యవహారం. అలాంటి రోజుల్లో ఏ కమీషన్ కొట్లోనో, ఏ కోల్డ్ స్టోరేజీలోనో కంప్యూటర్లు చూసే కుర్రాడు లోపలికెళ్ళి, "సార్, అప్‌డేట్ వెయ్యాలి, ఒక గంట సిస్టమ్ ఆపుతాను" అంటే ఏం జవాబొస్తుంది? "సీజన్లో సిస్టమ్ ఆపుతానంటావేంటయ్యా? బయట రైతులు పట్టీల కోసం నిలబడుంటే నీ అప్‌డేటొకటా!" అంటారు. కుర్రాడు తల గోక్కుంటూ బయటికొచ్చేస్తాడు. అప్‌డేట్ అలా ఉండిపోతుంది.

రెండు నెలలు తిరక్కముందే, మే 12న, వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచం మీద పడింది. ఫైళ్ళన్నిటికీ తాళం వేసేసి, డబ్బు కడితే తీస్తానని తెరమీద రాసే రకం అది. 150 దేశాలకు పాకింది. ఇంగ్లండులో ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. మన రాష్ట్రంలో దెబ్బ తిన్నది ఎవరనుకున్నారు? పోలీసు శాఖే. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లు దాని బారిన పడ్డాయని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. తిరుమల తిరుపతి దేవస్థానం కార్యాలయాల్లోనూ కొన్ని కంప్యూటర్లకి తగిలింది.

వాన్నాక్రై ఎలా పాకిందో ఒక్కమాటలో చెప్తాను, ఎందుకంటే ఈ ప్రసంగమంతా దానిమీదే ఆధారపడి ఉంది. సాధారణంగా వైరస్ రావాలంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి నొక్కాలి. దీనికి ఆ అవసరం లేదు. ఒక కంప్యూటర్లోంచి ఇంకో కంప్యూటర్లోని ఫైళ్ళు తెరుచుకోవడానికి విండోస్‌లో ఒక పాత ఏర్పాటుంది, 445 అనే పోర్టు మీద పనిచేస్తుంది. ఆ ఏర్పాటులో ఉన్న లోపంలోంచి దూరి, అదే గదిలో, అదే నెట్‌వర్కులో ఉన్న మిగతా యంత్రాల్ని తనంతట తనే వెతుక్కుంటూ పోయింది. మార్చిలో వచ్చిన అప్‌డేట్ సరిగ్గా ఆ లోపానికే. వేసుకున్నవాళ్ళు బతికిపోయారు.

కాబట్టి మొట్టమొదటి సంగతి పంచాంగం. మన దగ్గర అప్‌డేట్లు పడకపోవడానికి కారణం తెలియకపోవడం కాదు, తీరిక దొరక్కపోవడం. ఆ తీరిక మాత్రం మన వ్యాపారంలోనే ఉంది. గుంటూరు యార్డుకి శని ఆదివారాలు సెలవు. ఎండలు ముదిరాక మే జూన్ నెలల్లో యార్డుకి వేసవి సెలవులిస్తారు. జిన్నింగు మిల్లుకైతే పత్తి అయిపోయాక వేసవంతా ఖాళీయే. నెలకో శనివారం సాయంత్రం మామూలు అప్‌డేట్లు, వేసవి సెలవుల్లో పెద్ద పనులు, అంటే పాత విండోస్ మార్చడం, రౌటర్ మార్చడం, కేబుళ్ళు సర్దడం. ఈ రెండూ కాయితం మీద రాసి యజమాని చేత సంతకం పెట్టించుకుంటే మార్చి నెలలో ఆయనతో వాదించే పని ఉండదు. అత్యవసరమైన అప్‌డేట్ ఒకటొస్తే, పొద్దున్నే కాటాలు మొదలుకాకముందు చేసెయ్యాలి. దానికి అనుమతి ఇప్పుడే తీసుకుని ఉంచుకోండి.

ఇంతకీ నేను ఎవరితో మాట్లాడుతున్నానో చెప్పలేదు. సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ అనే పేరుతో ఉద్యోగం చేసేవాళ్ళు మన ప్రాంతంలో తక్కువ. గుంటూరు, చిలకలూరిపేట, నరసరావుపేట, ఒంగోలు, మార్కాపురం, ఎక్కడ చూసినా ఆ పని చేసేది "కంప్యూటర్ అబ్బాయి". లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ తెరుచుకోకపోయినా అతనే, ప్రింటర్లో కాయితం ఇరుక్కున్నా అతనే, యూపీఎస్ కూత పెట్టినా అతనే. కెమెరా కనిపించడం లేదన్నా, ఆఖరికి ఏసీ రిమోట్ పనిచెయ్యకపోయినా అతనికే ఫోను. గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు, ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ చూసుకునే ఆయన, నర్సింగ్‌హోమ్‌లో బిల్లింగు దగ్గర కూర్చునే అమ్మాయి, వీళ్ళందరూ కూడా నా లెక్కలో సిస్టమ్ అడ్మిన్లే. జీతం చిన్నదే కావచ్చు, చేతిలో ఉన్న తాళాలు మాత్రం చిన్నవి కావు.

ఏమున్నాయి ఆ తాళాల వెనక? ఒక కోల్డ్ స్టోరేజీ ఆఫీసు తీసుకుందాం. రైతు యాభై టిక్కీలు తెచ్చి పెడతాడు. బాండు రాస్తారు. ఆ బాండు మీద బ్యాంకు అప్పు కావాలంటే ఆధార్ జెరాక్సు, పాసుపుస్తకం మొదటి పేజీ, పట్టాదారు పాసుపుస్తకం నకలు, ఫోను నంబరు, ఫోటో తీసుకుంటారు. స్కాన్ చేసి ఒక ఫోల్డర్లో పడేస్తారు. చాలాచోట్ల ఆ ఫోల్డరు పేరు "న్యూ ఫోల్డర్ 2". పత్తి కొనుగోలు కేంద్రం పెట్టిన జిన్నింగు మిల్లులో కూడా ఇవే కాయితాలు. 2025 సీజన్ నుంచి కేంద్రప్రభుత్వపు పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ వాళ్ళు కపాస్ కిసాన్ అనే యాప్‌లో రిజిస్ట్రేషన్ పెట్టారు గనక, ఫోను వాడటం రాని రైతు మిల్లులో కుర్రాడినో, ఊళ్ళో తెలిసిన పిల్లాణ్ణో పట్టుకుని వాళ్ళ ఫోన్లోంచే చేయించుకుంటున్నాడు. ఆధార్ ఫోటో ఆ ఫోన్లో ఉండిపోతుంది.

మన ప్రాంతంలో వ్యాపార రహస్యాలు దాచుకోవడం అందరికీ వచ్చు. బిల్లు లేని సరుకు లెక్క, జీరో లెక్క అంటామే, అది రాసుకున్న పుస్తకం ఎంత భద్రంగా ఉంటుందో అధికారులకే ఎరుక. ఆ శ్రద్ధలో పావు వంతు రైతు కాయితాల మీద పెట్టినా చాలు. ఎందుకంటే వ్యాపారి లెక్క బయటపడితే వ్యాపారికి నష్టం. రైతు కాయితం బయటపడితే నష్టపోయేది రైతు, ఆయనకి అది ఎక్కడినుంచి పోయిందో కూడా తెలియదు. నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇదే: మన నెట్‌వర్కుల్లో కాపాడాల్సిన విలువైన వస్తువు మనది కాదు, మనల్ని నమ్మి ఇచ్చినవాళ్ళది.

పోతే ఏమవుతుందనే ప్రశ్నకి తెలుగునాటే జవాబులున్నాయి. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్‌కార్డులమ్మే ఒక కుర్రాణ్ణి పోలీసులు పట్టుకున్నారు. కంపెనీ పెట్టిన టార్గెట్ అందుకోవడానికి అతను చేసిన పని వింటే మతిపోతుంది. రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్లోంచి భూముల దస్తావేజులు దించుకున్నాడు. దస్తావేజు మీద అమ్మినవాళ్ళ, కొన్నవాళ్ళ వేలిముద్రలుంటాయి, ఆధార్ నంబర్లుంటాయి. ఆ ముద్రల్ని పాలిమర్ మీద అచ్చుపోసి, ఆ అచ్చు వేలిని యంత్రం మీద పెట్టి, వాళ్ళెవరికీ తెలియకుండా వాళ్ళ పేర్లతో వేలకొద్దీ సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. తర్వాత ఇదే ఉపాయం బ్యాంకు డబ్బు దాకా పాకింది. 2022లో సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాని పట్టుకున్నారు, వాళ్ళు వేలిముద్రలు దించుకున్నది మన ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ల శాఖ సైటులో పెట్టిన దస్తావేజుల్లోంచి.

ఆధార్‌తో డబ్బు తీసుకునే పద్ధతి మన ఊళ్ళల్లో అందరికీ అలవాటే, కిరాణా కొట్లో చిన్న మిషను మీద వేలు పెడితే డబ్బిస్తారు. దానికి ఓటీపీ అక్కర్లేదు. కావలసినవి మూడే: ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర. దస్తావేజులో రెండు దొరుకుతాయి. మూడోదైన బ్యాంకు పేరు మన "న్యూ ఫోల్డర్ 2"లో ఉంది. ఒకచోట పోయిన కాయితం ఇంకోచోట పోయిన కాయితంతో కలిస్తేనే దొంగకి పని జరుగుతుంది. అందుకే "మా దగ్గరున్నది ఆధార్ జెరాక్సేగా, దాంతో ఏం చేస్తారు?" అన్న మాట నిలవదు.

ఇంకో సంగతి గమనించండి. ఆ దస్తావేజుల్ని ఎవరూ హ్యాక్ చెయ్యలేదు. అడిగినవాళ్ళకి ఇచ్చేలాగే సైటు కట్టారు. 2017 మే నెలలో బెంగుళూరుకి చెందిన ఒక పరిశోధన సంస్థ, సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ, ఒక నివేదిక వేసింది. రాసినవాళ్ళిద్దరిలో ఒకరు హైదరాబాదుకి చెందిన శ్రీనివాస్ కొడాలి. నాలుగు ప్రభుత్వ పోర్టళ్ళలో కలిపి దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయటికి కనబడుతున్నాయని అందులో తేల్చారు. ఆ నాలుగింటిలో రెండు మనవే, ఉపాధిహామీ వివరాలది ఒకటి, చంద్రన్న బీమా పథకానిది ఒకటి. మరుసటి ఏడాది ఏప్రిల్లో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ సైటులో లక్షా 34 వేల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు కనబడ్డాయి. కులాన్ని బట్టి, మతాన్ని బట్టి వెతుక్కునే వీలు కూడా ఉంది అందులో. ఆ ఏడు జూన్‌లోనే, జనరిక్ మందుల దుకాణాల్లో ఎవరు ఏ మందు కొన్నారో వాళ్ళ పేరు, ఫోను నంబరుతో సహా ఇంకో సైటులో దొరికింది.

ఈ సైట్లు పెట్టిన ఇంజినీర్లు చెడ్డవాళ్ళేం కాదు. పై అధికారి డాష్‌బోర్డు కావాలని ఉంటాడు, పారదర్శకత అని ఉంటాడు, వీళ్ళు కట్టిచ్చి ఉంటారు. లాగిన్ పెడితే "మాటిమాటికీ పాస్‌వర్డ్ ఎవరు కొడతార్రా?" అని ఉంటారు, తీసేసి ఉంటారు. మన ఆఫీసుల్లో జరిగేదీ సరిగ్గా ఇదే.

ఇక చేతిపనిలోకి దిగుదాం.

ముందు దూరం నుంచి లోపలికి వచ్చే దారులు. టాలీ సర్వీసు కుర్రాడు విజయవాడలో కూర్చుని సరిచేస్తాడు. వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్ వాళ్ళు హైదరాబాదు నుంచి చూస్తారు. యజమాని హైదరాబాద్‌లో కొడుకింట్లో కూర్చుని స్టాకు చూసుకుంటాడు. ఇందుకోసం ఎనీడెస్క్ పెడతారు, దానికి ఎప్పటికీ మారని పాస్‌వర్డొకటి పెడతారు. లేదా రౌటర్లో 3389 పోర్టు తెరిచి రిమోట్ డెస్క్‌టాప్ నేరుగా ఇంటర్నెట్ మీద పెట్టేస్తారు. "పోర్టు నంబరు మార్చాంలెండి, 3390 పెట్టాం, ఎవరికీ తెలియదు" అనేవాళ్ళని నేను చాలామందిని చూశాను. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2013లోనే జడ్‌మ్యాప్ అనే ప్రోగ్రాము రాశారు. మంచి లైనుంటే మొత్తం ఇంటర్నెట్టులోని చిరునామాలన్నిటినీ, ఒక పోర్టు కోసం, ముప్పావు గంటలో తట్టి చూసి రాగలదు. అది 2013 మాట. చిలకలూరిపేటలో ఉన్నాం, మనజోలికి ఎవడొస్తాడు అనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే వచ్చేవాడికి ఊరు పేరుతో పనిలేదు. వాడి ప్రోగ్రాము అందరి తలుపులూ వరసగా తడుతూ పోతుంది.

చెయ్యాల్సిందిది: రౌటర్లో బయటికి తెరిచిన పోర్టులన్నీ మూసెయ్యండి. యజమాని చూసుకోవాలంటే వీపీఎన్ పెట్టండి, వైర్‌గార్డ్ ఉచితంగానే దొరుకుతుంది. సర్వీసు వాళ్ళకి శాశ్వతంగా దారి వద్దు, వాళ్ళు ఫోను చేసినప్పుడు తెరిచి, పనయ్యాక మూసెయ్యండి. ఎనీడెస్క్‌లో ఇప్పటిదాకా ఎవరెవరు వచ్చారో ఒకసారి చూడండి. ఉద్యోగం మానేసి ఇంకో కంపెనీకి పోయిన కుర్రాడి దగ్గర మీ పాస్‌వర్డు ఇంకా పనిచేస్తుంటుంది. రౌటర్ గురించి కూడా ఓ మాట. ఇంటర్నెట్ లైను బిగించడానికి వచ్చినాయన పెట్టి వెళ్ళిన అడ్మిన్, అడ్మిన్ అనే పాస్‌వర్డే ఏళ్ళ తరబడి నడుస్తూ ఉంటుంది. దాన్ని మార్చడానికి పట్టేది అయిదు నిమిషాలు.

రెండోది టాలీ. మన వ్యాపారాలకి ప్రాణం అక్కడే ఉంది గనక కొంచెం నిలబడి చెప్తాను. మామూలుగా ఒక కంప్యూటర్లో టాలీ డేటా ఉంటుంది, మిగతా మూడునాలుగు కంప్యూటర్లు దాన్ని నెట్‌వర్కులో తెరుచుకుంటాయి. ఆ ఫోల్డరు మీద మౌసు కుడి బటను నొక్కి, షేరింగులోకి వెళ్ళి చూడండి. "ఎవ్రీవన్" అని ఉంటుంది, పక్కన "ఫుల్ కంట్రోల్" అని ఉంటుంది. అంటే ఆ నెట్‌వర్కులోకి వచ్చిన ఏ యంత్రమైనా మీ పదేళ్ళ లెక్కల్ని తుడిచెయ్యగలదు. రాన్సమ్‌వేర్ మొదట వెతికేది ఇలాంటి ఫోల్డరునే. "ఎవ్రీవన్" తీసేసి, పట్టీలు కొట్టే ముగ్గురికి మూడు యూజర్ పేర్లు పెట్టి వాళ్ళకే ఇవ్వండి. వాళ్ళ కంప్యూటర్లలో వాళ్ళకి అడ్మిన్ హక్కు ఉండకూడదు, గేములు ఇన్‌స్టాల్ అవ్వవని గొణుగుతారు, గొణగనివ్వండి. టాలీలోనే లోపల కూడా ఎవరి పేరుతో వాళ్ళు లాగిన్ అయ్యే ఏర్పాటుంది, టాలీవాల్ట్ అని డేటాకి తాళం వేసే ఏర్పాటూ ఉంది. కొన్న డబ్బుల్లోనే వచ్చిన వస్తువులవి, వాడుకోకపోతే ఎట్లా?

కోల్డ్ స్టోరేజీ వాళ్ళకి ఇంకో సంగతి సులభంగా అర్థమవుతుంది. సరుకంతా ఒకే హాల్లో పెట్టరు కదా, ఛాంబర్లుగా గోడలు కట్టి విడదీస్తారు. ఒకదాంట్లో చెమ్మ చేరినా, నిప్పంటుకున్నా పక్కదానికి పోకూడదని. నెట్‌వర్కుని కూడా అలాగే గదులు చెయ్యాలి. లెక్కల కంప్యూటర్లు ఒక గది. కెమెరాలు ఒక గది. కంప్రెసర్లనీ ఉష్ణోగ్రతనీ ఫోన్లో చూపించే కంట్రోలర్ ఒక గది. అన్నిటికంటే ముఖ్యం, వచ్చిన రైతులూ లారీ డ్రైవర్లూ అడిగే వైఫై ఒక గది. వీ-ల్యాన్ అంటారు దీన్ని, కొన్ని వేల రూపాయల స్విచ్చితో అయిపోతుంది. గుమస్తా కంప్యూటర్లో వైరస్ వస్తే అమ్మోనియా ప్లాంటు దాకా పోకుండా ఉండటానికి ఆ మాత్రం ఖర్చు పెట్టొచ్చు.

కెమెరాల సంగతి వచ్చింది గనక ఒక సంఘటన చెప్తాను. 2016 అక్టోబరు 21న అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి పెద్దపెద్ద సైట్లు కొన్ని గంటలు పడిపోయాయి. పడగొట్టింది మిరాయ్ అనే ప్రోగ్రాము ఆడించిన వేలకొద్దీ సీసీ కెమెరాలు, డీవీఆర్లు, రౌటర్లు. దాని రచయితలు గొప్ప తెలివేమీ చూపించలేదు. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డులు ఓ అరవై పోగేసి, కనబడ్డ ప్రతి పెట్టెమీదా వరసగా ప్రయత్నించారు. మన పట్టణాల్లో బిగించే పెట్టెలు కూడా ఆ జాతివే. డీవీఆర్ పాస్‌వర్డు మార్చండి, మార్చేటప్పుడు దాని గడియారం కూడా సరిచెయ్యండి. గడియారమేంటి అంటారా? కెమెరాలో పది పదిహేను నిమిషాలు ముందు, రౌటర్లో 1970 సంవత్సరం, కంప్యూటర్లో సరైన టైము ఉంటే, రేపు ఏదైనా జరిగినప్పుడు ఎవరు ఎప్పుడొచ్చారో జోడించి చూడటం ఎవరివల్లా కాదు. కేంద్రప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో ఈ మాట స్పష్టంగా ఉంది: గడియారాలన్నీ ప్రభుత్వ టైమ్ సర్వర్లతో కలిపి నడవాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి, పెద్ద సంఘటన తెలిసిన 6 గంటల్లో వాళ్ళకి తెలియజెయ్యాలి.

బ్యాకప్ గురించి ఎవరికి వాళ్ళు "తీస్తున్నాం సార్" అంటారు. ఎక్కడ తీస్తున్నారు? అదే కంప్యూటర్‌కి పొద్దస్తమానం గుచ్చి ఉంచిన పెన్‌డ్రైవులో. రాన్సమ్‌వేర్ వచ్చినరోజు దానికీ తాళం పడుతుంది. 2019లో, ఏప్రిల్ నెలాఖరు, మే మొదటి రోజుల్లో, రెండు తెలుగు రాష్ట్రాల కరెంటు పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు నాలుగూ రాన్సమ్‌వేర్ దెబ్బకి పడిపోయాయి. అప్పటికి గుంటూరు, ప్రకాశం జిల్లాలు తిరుపతి కేంద్రంగా ఉన్న సంస్థ కిందే ఉన్నాయి. బిల్లు కట్టబోయినవాళ్ళకి సైటు తెరుచుకోలేదు. పెద్ద సంస్థలు గనక, విడిగా దాచిన నకళ్ళున్నాయి గనక తేరుకున్నాయి. అదే నెలలో అమెరికాలో బాల్టిమోర్ నగరపాలక సంస్థ ఇలాంటి దెబ్బే తిని, 13 బిట్‌కాయిన్లు కట్టం పొమ్మంది, బాగుచేసుకోవడానికి దాదాపు కోటీ ఎనభై లక్షల డాలర్లు అయ్యాయని లెక్క తేల్చింది. మన కొట్లకి ఇంత హంగామా అవసరం లేదు. రెండు హార్డ్‌డిస్కులు కొనండి. ఒకటి ఈ వారం, ఒకటి పైవారం. కాపీ అవ్వగానే ఊడదీసి, ఒకదాన్ని యజమాని ఇంట్లో బీరువాలో పెట్టించండి. మూడునెలలకోసారి ఆ డిస్కులోంచి వేరే కంప్యూటర్లోకి డేటా ఎక్కించి, టాలీలో నిన్నటి పట్టీ తెరుచుకుంటోందో లేదో చూడండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, తీరా కావలసిన రోజున ఆ ఫైలు ఖాళీ అని తేలుతుంది.

ఎగుమతిదారుల దగ్గర ఈ-మెయిలు తీరే వేరు. చైనాకో, బంగ్లాదేశ్‌కో, థాయిలాండుకో తేజ రకం మిర్చి కంటైనర్ పోతుంది, ఇన్‌వాయిస్ మెయిల్లో పోతుంది. దొంగ ముందు మీ మెయిలు పాస్‌వర్డు సంపాదించి, ఏ గొడవా చెయ్యకుండా వారాల తరబడి చదువుతూ కూర్చుంటాడు. లోపల చిన్న ఫార్వర్డింగ్ రూలొకటి పెట్టుకుంటాడు. సరిగ్గా డబ్బు రావలసిన రోజున "మా బ్యాంకు ఖాతా మారింది" అని మీ పేరుతోనే కొనేవాళ్ళకి రాస్తాడు. ప్రతి మెయిలు ఖాతాకీ, పాస్‌వర్డు తర్వాత ఓటీపీ లాంటి రెండో మెట్టు తనిఖీ పెట్టండి, సెట్టింగుల్లోకి వెళ్ళి మీరు పెట్టని ఫార్వర్డింగులేమైనా ఉన్నాయేమో నెలకోసారి చూడండి. సొంత డొమైన్ ఉంటే, మీ పేరుతో వేరేవాళ్ళు మెయిలు పంపకుండా అడ్డుకునే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ పెట్టించండి. ఖాతా నంబరు మారిందంటే పాత ఫోను నంబరుకి ఫోన్ చేసి నోటితో అడగాలన్న ఒప్పందం సరుకు పంపకముందే రాసుకోండి. ఈ-వే బిల్లు సైటుకి 2025 ఏప్రిల్ నుంచి అందరికీ రెండో మెట్టు తనిఖీ తప్పనిసరి చేశారు. అయినా ఒకే యూజర్ పేరు నలుగురు వాడుతూ, ఓటీపీ వచ్చినప్పుడల్లా ఆఫీసంతా వినబడేలా అరిచి చెప్పుకుంటున్నారు! ఆ సైటులోనే ఒక్కొక్కరికీ విడిగా సబ్-యూజర్ ఇచ్చుకోవచ్చు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే పనికొస్తాను. దాన్ని ఎవరూ చెయ్యరు. అది చెరిపెయ్యడం. సరుకు ఛాంబర్లోంచి వెళ్ళిపోయింది, బాండు తీరిపోయింది, బ్యాంకు అప్పు కట్టేశారు. ఇక ఆ రైతు ఆధార్ కాపీ మన దగ్గరెందుకు? పన్నుల లెక్కకి పట్టీ కావాలి, ఖాతా కావాలి, ఉంచుకోండి. జెరాక్సుతో పనిలేదు. అసలు తీసుకునేటప్పుడే, మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ సరిపోయినచోట అదే అడగండి. 2022 మే నెలలో ఆధార్ సంస్థ బెంగుళూరు కార్యాలయం జెరాక్సులు ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వొద్దని ప్రకటన ఇచ్చి, జనం కంగారుపడితే రెండు రోజుల్లో వెనక్కి తీసుకుంది. ప్రకటన పోయింది గానీ అందులో ఉన్న సలహా మంచిదే. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పడేసిన కాపీల సంగతి చూడండి. ఆ గ్రూపులో ఎంతమంది ఉన్నారు, వాళ్ళలో ఎందరు మానేసి వెళ్ళారు, ఎన్ని ఫోన్ల గ్యాలరీల్లో ఆ ఫోటోలు పిల్లల పుట్టినరోజు ఫోటోల పక్కన కూర్చున్నాయి?

డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో ప్రకటించారు. పెద్ద బాధ్యతలు అమలుకి రావడానికి అప్పటినుంచి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. పని తీరిపోయిన సమాచారాన్ని చెరిపెయ్యాలని ఆ చట్టం అంటుంది. సరైన భద్రత పెట్టకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వెయ్యొచ్చు. ఆ అంకె మన కొట్లకోసం రాసింది కాదు, నిజమే. కానీ యజమానికి ఆ అంకె చదివి వినిపిస్తే స్విచ్చి కొనడానికి డబ్బులు త్వరగా బయటికొస్తాయి.

ఇంత చేసినా ఒకరోజు దెబ్బ తగలొచ్చు. తగిలితే ముందు నెట్‌వర్కు కేబులు పీకండి, వైఫై ఆపండి. కంగారులో ఫార్మాట్ కొట్టకండి, ఆధారాలు పోతాయి. డబ్బు పోయినట్టుంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చెయ్యండి, ఎంత తొందరగా చేస్తే అంత డబ్బు మధ్యలో ఆపే వీలుంది. చేసేటప్పుడు ఖాతా నంబరు, లావాదేవీ నంబరు, సమయం దగ్గర పెట్టుకోండి. సెర్ట్-ఇన్ ఉచిత నంబరు 1800-11-4949.

తర్వాత రైతుల కాయితాలు బయటికి పోయాయని తేలితే వాళ్ళకి చెప్పాలి. చట్టం కూడా చెప్పమంటోంది, అర్థమయ్యే మాటల్లో చెప్పమంటోంది. యజమాని మొహమాటపడతాడు, పరువు పోతుందంటాడు. "పెద్దయ్యా, మా ఆఫీసు కంప్యూటర్లోంచి మీ ఆధార్ కాపీ, బ్యాంకు పుస్తకం కాపీ బయటికి పోయినయ్. మీ ఆధార్‌లో వేలిముద్రలకి తాళం వేయించుకోండి. మీ మనవరాలి ఫోన్లో ఎం-ఆధార్ యాప్ ఉంటే అందులో బయోమెట్రిక్ లాక్ అని ఉంటుంది, లేకపోతే ఆధార్ కేంద్రానికి వెళ్ళండి, మా కుర్రాడు తోడొస్తాడు" అని చెప్పించండి. అలా చెప్పేటప్పుడు ఇంకొక్క మాట మర్చిపోకండి. ఆ పెద్దాయన ఒకటో తారీఖున వేలిముద్ర వేసి పింఛను తీసుకునేవాడైతే, ఆరోజు పొద్దున తాళం తీయించుకుని, డబ్బందాక మళ్ళీ వేయించుకోవాలి. అది చెప్పకపోతే పింఛను ఆగుతుంది, ఆయన నేరుగా మీ ఆఫీసుకే వచ్చి కూర్చుంటాడు.